వెనుకబడిన అభ్యర్థి, తేల్చుకోని ఓటరు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు చాలా ఏళ్లుగా అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్నారు. కోడలికి అక్కడి పౌరసత్వం వచ్చింది. అధ్యక్ష ఎన్నికలో మొదటిసారి ఓటు వేయబోతోంది. ఎవరికి వేస్తావమ్మా అని ఫోనులో అడిగితే, ‘ఇంకా తేల్చుకోలేదత్తయ్యా’ అంటుంది. సర్వేల్లో వెనుకబడిన అభ్యర్థి ఇలాంటివాళ్లను తనవైపు తిప్పుకొని గెలవడం సాధ్యమేనా? మావారు మాత్రం, చివరిదాకా తేల్చుకోనివాళ్లు గోడమీది పిల్లులని, వాళ్లను నమ్ముకొని ఎవరూ గెలవరని అంటారు.
– పేరు వద్దన్న పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: సాధ్యమేనమ్మా. కాకపోతే ముందు మీవారి మాట దగ్గర కాసేపు ఆగాలి. గోడమీది పిల్లి ఎటు దూకితే లాభమో చూసుకొని అటు దూకుతుంది. మీ కోడలు చేస్తున్నది అది కాదు. ఒక అభ్యర్థిలో ఒక సంగతి నచ్చి మరొకటి నచ్చక, రెండో అభ్యర్థి విషయంలోనూ అలాగే ఉండి, త్రాసు ఏ వైపూ మొగ్గక ఆగిపోయిన మనిషి ఆమె. వెనుకబడిన అభ్యర్థులు చేసే మొదటి పొరపాటు ఇలాంటివారిని చులకనగా చూడడం, వాళ్లకు విషయం తెలియదనుకొని అదే మాటను ఇంకా గట్టిగా చెప్పడం. వెనుకబడి కూడా గెలిచినవారి చరిత్ర చూస్తే, వాళ్లు ఓటరుకు జవాబులు వల్లించడం కంటే, ఆమె తన ఇంట్లో, తన పొలంలో, తన జీతంలో చూసుకొని తానే జవాబు చెప్పుకోగల ప్రశ్నను ఆమె ముందు పెట్టడం ఎక్కువగా కనిపిస్తుంది.

అమెరికాలో ‘వెనుకబడడం’ అంటే ఏమిటో కూడా సరిగా తెలుసుకోవాలి. దేశమంతటా వచ్చిన ఓట్లను కలిపి అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకోరు. మొత్తం 538 మంది ఎలక్టర్లు, అంటే రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులు ఉంటారు, 270 మంది మద్దతు వచ్చినవారు గెలుస్తారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ ఆ అభ్యర్థికే దక్కుతారు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఆమె ఓడిపోయారు. డొనాల్డ్ ట్రంప్ మిషిగన్‌లో 10,704, విస్కాన్సిన్‌లో 22,748, పెన్సిల్వేనియాలో 44,292 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కారు. మూడూ కలిపినా ఎనభై వేలు కావు. చివరి వారంలో మనసు నిర్ణయించుకున్నవారు ఈ రాష్ట్రాలలో ఎక్కువగా ఆయన వైపు మొగ్గారని ఆ తరువాత సర్వే నిపుణులే తేల్చారు. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దేశం మొత్తానికి అధ్యక్షుణ్ణి నిర్ణయించింది. పెన్సిల్వేనియాకు ఇప్పుడు 19 మంది ఎలక్టర్లు ఉన్నారు. ఎటు మొగ్గుతుందో చెప్పలేని రాష్ట్రాల్లో అది పెద్దది కనుక, అక్కడ తేల్చుకోకుండా ఉన్న మీ కోడలి ఓటు కోసం అభ్యర్థులిద్దరూ చేయని ప్రయత్నం ఉండదు. అందువల్ల వెనుకబడినవాడు దేశమంతటా ముందుకు రానక్కరలేదు. నాలుగైదు రాష్ట్రాల్లో, అక్కడి కొన్ని వేల ఇళ్లలో నమ్మకం సంపాదిస్తే చాలు.

ఆ నమ్మకం ఎలా వస్తుందనడానికి నాకు అన్నిటికంటే బాగా తోచే ఉదాహరణ 1948 నాటిది. రూజ్‌వెల్ట్ మరణంతో అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ ఆ ఏడు ఓడిపోతారని అందరూ అనుకున్నారు. ఆయన సొంత పార్టీయే చీలింది. ఫలితం తెలిసిపోయిందన్న ధీమాతో ఒక ప్రముఖ సర్వే సంస్థ సెప్టెంబరు మొదట్లోనే జనాన్ని అడగడం మానేసింది, మరొకటి అక్టోబరు మధ్యలో ఆపేసింది. ప్రత్యర్థి థామస్ డ్యూయీ ముందున్నాననుకొని, ఎవరికీ నొప్పి తగలని మాటలు మాట్లాడుతూ పోయారు. ట్రూమన్ రైలెక్కారు. మన బరంపురం స్టేషనులో మెయిలు ఆగినంత సేపు ఒక్కో చిన్న ఊళ్లో రైలు ఆపించి, చివరి పెట్టె వెనుక వసారాలో నిలబడి, ఆ ఊరి సంగతి పది నిమిషాలు మాట్లాడేవారు. తరువాత భార్యను ‘మా ఇంటి బాసు’ అని పరిచయం చేసి, కూతుర్ని చూపించి, కూత వేయగానే చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయేవారు. అలా ఆ ఎన్నికల ప్రచారంలో సుమారు 30 వేల మైళ్లు తిరిగారు.

అయితే ఆయనను గట్టెక్కించింది తిరుగుడు ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆయన పట్టుకున్న సంగతి ఏమిటో చూడండి. ఆ సంవత్సరం మొక్కజొన్న విరగ పండింది. ప్రభుత్వ మద్దతు ధర మీద రైతుకు అప్పు దొరకాలంటే, నిబంధనలకు తగిన గిడ్డంగిలో ధాన్యం ఉండాలి. కానీ ప్రత్యర్థి పార్టీ చేతిలో ఉన్న కాంగ్రెస్ సభలు (అక్కడి పార్లమెంటును కాంగ్రెస్ అంటారు) ఆ వేసవిలో చేసిన చట్టం వల్ల ప్రభుత్వ సంస్థ కొత్త గిడ్డంగులు సమకూర్చుకోవడానికి వీలు లేకుండా పోయింది. పంట చేతికొచ్చింది, పెట్టుకునే చోటు లేదు, ధర పడిపోతోంది. మన గజపతి, రాయగడ జిల్లాల్లో టోకెన్ చేతికొచ్చినా మండీలో బస్తా దించే చోటు దొరకక మంచులో కాపలా పడుకున్న రైతుకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. సెప్టెంబరు 18న అయోవా రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే చోట దుక్కి పోటీలకు వచ్చిన వేలాది రైతుల ముందు ట్రూమన్ ఈ ఒక్క విషయాన్ని ఎత్తుకున్నారు. ‘నేను మంచివాణ్ణి, నాకు వేయండి’ అనే ప్రసంగం కాదది. ఇంటికెళ్లి కొట్టు చూసుకోండి, ఈ చోటు ఎవరి వల్ల లేకుండా పోయిందో ఆలోచించండి అన్నది దాని సారం. పైగా జులైలోనే ఆయన కాంగ్రెస్‌ను ప్రత్యేకంగా సమావేశపరిచి, మీ ఎన్నికల ప్రణాళికలో రాసుకున్నవే ఇప్పుడు చట్టాలు చేయండని సవాలు చేశారు. పెద్దగా ఏమీ జరగలేదు, ఓటరుకు తేడా కనబడింది. అంతకు ముందు రెండు ఎన్నికల్లోనూ ప్రత్యర్థి పార్టీకే వేసిన అయోవాను ట్రూమన్ గెలిచారు. ఒహాయోను ఏడు వేల చిల్లర ఓట్లతో గెలిచారు. మొత్తం 303 ఎలక్టర్లు ఆయనకు, 189 డ్యూయీకి దక్కారు. డ్యూయీ గెలిచారని ముందుగానే అచ్చేసిన చికాగో పత్రికను ట్రూమన్ నవ్వుతూ ఎత్తి చూపిన ఫొటోను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

1980 సంగతి కొంచెం వేరు. రొనాల్డ్ రేగన్ అంత దూరం వెనుకబడినవారేమీ కాదు. అక్టోబరు చివర్లో గాలప్ సర్వే అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కాస్త ముందున్నారంటే, ఇంకొన్ని సర్వేలు రేగన్ ముందున్నారన్నాయి. కానీ తేల్చుకోనివారు చాలామంది ఉన్నారు, వాళ్లను ఆపుతున్నది ఒక భయం: ఈయన చేతికి అధికారం ఇస్తే యుద్ధం తెస్తాడేమోనని. ధరలు 13 శాతానికి పైగా పెరిగిన ఏడాది అది. 52 మంది అమెరికన్లు ఇరాన్‌లో బందీలుగా ఉన్నారు. కార్టర్ మీద అసంతృప్తి ఉంది, రేగన్ మీద ధైర్యం లేదు. అక్టోబరు 28న, పోలింగుకు వారం ముందు, క్లీవ్‌లాండ్‌లో జరిగిన డిబేట్ చివర రేగన్ కెమెరా వైపు తిరిగి, నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి ఇప్పుడు బాగుందా అని అడిగారు. దుకాణంలో సరుకులు కొనడం అప్పటి కంటే తేలికగా ఉందా అని కూడా అడిగారు. గొంతు పెంచకుండా, మన ఇంటికొచ్చిన పెద్దమనిషి అరుగు మీద కూర్చొని అడిగినట్టు అడిగారు. ఆ ప్రశ్న కార్టర్ మీది కోపాన్ని ఓటుగా మార్చింది. అడిగిన తీరు రేగన్ మీది భయాన్ని తగ్గించింది. ఈ రెండోదాని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు గానీ, తేల్చుకోని ఓటరు విషయంలో అదే ముఖ్యమని నా నమ్మకం. ఆగిపోయిన మనిషికి కొత్త కారణం కంటే, తనను ఆపుతున్న భయం తీరడం ఎక్కువ అవసరం. రేగన్ 44 రాష్ట్రాలు గెలిచారు.

వెనుకబడినవాడు అవకాశం చేజార్చుకోవడం ఎలా ఉంటుందో 1992 అక్టోబరు 15న రిచ్‌మండ్‌లో జరిగిన డిబేట్‌లో కనబడుతుంది. సభలో కూర్చున్నవారందరూ అప్పటికి ఎటూ తేల్చుకోని ఓటర్లే, ప్రశ్నలూ వాళ్లవే. సర్వేల్లో వెనుకబడిన అధ్యక్షుడు జార్జి బుష్ కు ఇంతకంటే మంచి గది దొరకదు. ఒక యువతి లేచి, దేశం అప్పులు మీ సొంత జీవితాన్ని ఎలా తాకాయి, అది తెలియకపోతే సామాన్యుల కష్టానికి మందు ఎలా కనిపెడతారు అని అడిగారు. ఆమె లేచే సమయానికి బుష్ తన చేతి గడియారం చూసుకోవడం కెమెరాకు దొరికిపోయింది. ఆయన వడ్డీ రేట్ల గురించి ఏదో చెప్పబోయి, ప్రశ్న నాకు సరిగా అర్థం కాలేదన్నారు. నిజానికి ఆమె ‘అప్పులు’ అన్నది ఆర్థిక మాంద్యాన్ని ఉద్దేశించి. ఆ మాట వెనుక ఉన్నది పని పోయిన ఇళ్ల సంగతి. తరువాత బిల్ క్లింటన్ కుర్చీ దిగి, ఆమెకు రెండు మూడు అడుగుల దూరం దాకా నడిచి వెళ్లి, ఇది మిమ్మల్ని ఎలా తాకిందో మళ్లీ చెప్పండి అని ఆమెనే అడిగారు. ఉద్యోగాలు, ఇళ్లు పోగొట్టుకున్నవారు మీకు తెలుసా అంటే ఆమె తల ఊపారు. నేను గవర్నరుగా ఉన్న చిన్న రాష్ట్రంలో ఎవరికైనా ఉద్యోగం పోతే వాళ్లు పేర్లతో సహా నాకు తెలిసే అవకాశం ఉంది అన్నారు. ఆ నిమిషం నిడివి వీడియోను రాజకీయాల్లోకి రాదలచిన ప్రతివారూ ఒకసారి చూడాలి. బుష్ చెడ్డవారు కాదు, తెలియనివారు అసలే కాదు. ఆమె ఏమి అడుగుతున్నదో వినిపించుకోలేదు, అంతే.

ఇన్ని చెప్పి, ప్రయత్నిస్తే ఎవరైనా గెలుస్తారని మీకు ఆశ పెట్టలేను. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ సెప్టెంబరు 30 దాకా వియత్నాం యుద్ధంపై తన సొంత మాట చెప్పలేదు. ఆ రోజు సాల్ట్ లేక్ సిటీ నుంచి బాంబు దాడులు ఆపుతానని చెప్పాక వేగంగా పుంజుకున్నారు, కానీ ఒక్క శాతం కంటే తక్కువ తేడాతో ఓడారు. ఇంకో రెండు వారాల ముందు చెప్పి ఉంటే అనిపిస్తుంది. 1976లో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వేసవిలో ముప్పై శాతానికి పైగా వెనుకబడి, పోలింగు నాటికి రెండు శాతం దాకా వచ్చి ఆగిపోయారు. అక్టోబరు డిబేట్‌లో, తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదని ఆయన అన్న ఒక్క మాట కొన్ని విలువైన రోజులు తినేసింది. వెనుకబడినవాడికి అన్నిటి కంటే కొరతగా ఉండేది డబ్బు కాదు, రోజులు.

ఆ రోజుల్ని దేని మీద ఖర్చు పెట్టాలన్నదానిపై కొంత పరిశోధన ఉంది. 1998లో న్యూ హేవెన్ పట్టణంలో ఆలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ జరిపిన ప్రయోగంలో, గుమ్మం దాకా వెళ్లి మాట్లాడిన ఇళ్లలో ఓటింగు బాగా పెరిగింది, ఫోన్లు చేసిన ఇళ్లలో పెరగలేదు. కానీ అది ఓటు వేయించడం గురించి, మనసు మార్చడం గురించి కాదు. మనసు మార్చడంపై జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 2018లో 49 ప్రయోగాలను కలిపి చూస్తే, సాధారణ ఎన్నికల చివరి వారాల్లో ప్రకటనలకు, ఇంటింటి ప్రచారానికి సగటున ఫలితం దాదాపు సున్నా అని తేలింది. ఎవరు మారగలరో ముందుగానే శ్రమపడి గుర్తించి, వాళ్ల దగ్గరికే వెళ్లిన ప్రచారాల్లో మాత్రం అరుదుగా కొంత మార్పు కనిపించింది. దీన్ని చూసి నిరాశపడాల్సిన పని లేదు. ఊరంతా మైకు తిప్పడం వల్ల తేల్చుకోని ఓటరు కదలదని, ఆమె ఎవరో తెలుసుకొని ఆమె సంగతి మాట్లాడాలని ట్రూమన్ గిడ్డంగుల కథ చెబుతున్నదే ఈ అంకెలూ చెబుతున్నాయి.

మీ కోడలితో ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు, ఎవరికి వేస్తావని కాక, ఏ విషయంలో ఆగావమ్మా అని అడిగి చూడండి.

ప్రశ్న: అమెరికా సంగతి అలా ఉంచితే, మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరిగారు 1969లో రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ పార్టీ అభ్యర్థినే ఓడించారని మా తాతగారు గొప్పగా చెప్పేవారు. ఆయనా వెనుకబడిన అభ్యర్థేనా?
– కళాశాల విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజం. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, అక్కడి ఖల్లికోట కళాశాలలో చదివి, రైల్వే కార్మికుల నాయకుడిగా పేరు తెచ్చుకున్న గిరిగారు 1969లో ఉపరాష్ట్రపతి. జాకిర్ హుస్సేన్ మే 3న మరణించాక తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 20న రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఆయనా తెలుగువారే. ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు. వాళ్లలో కాంగ్రెస్‌వారే ఎక్కువ. కాగితం మీద లెక్కవేస్తే గిరిగారు వెనుకబడినవారే.

ఆ ఎన్నికలో విప్ ఉండదు, ఓటు రహస్యం. పార్టీకి కట్టుబడాలా, తమ ఇష్టానికి కట్టుబడాలా అని తేల్చుకోలేని కాంగ్రెస్ సభ్యులు వందల్లో ఉన్నారు. అధికారిక అభ్యర్థి కోసం పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ప్రతిపక్షాలైన స్వతంత్ర పార్టీ, జనసంఘ్ నాయకులతో మాట్లాడారన్న సంగతి బయటికి రావడం వాళ్ల ఊగిసలాటను పెంచింది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. ఆమెను ఇష్టపడేవారూ పడనివారూ ఆ మాటను ఇప్పటికీ రకరకాలుగా వ్యాఖ్యానిస్తారు. నేను గమనించేది ఒక్కటే: తేల్చుకోని సభ్యుడికి అది ‘గిరికి వేయి’ అని చెప్పలేదు, నిర్ణయం నీదేనని చెప్పింది. పార్టీని ధిక్కరించానన్న అపరాధభావం లేకుండా ఓటు వేసే దారి దొరికింది.

ఆ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు తన ఇష్టం ప్రకారం ఒకటి, రెండు అని వరుస వేస్తారు. ఆగస్టు 20న లెక్కింపులో గిరిగారికి మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ 4,01,515 వచ్చింది, సంజీవరెడ్డిగారికి 3,13,548, స్వతంత్ర పార్టీ, జనసంఘ్ బలపరచిన సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించగా దేశ్‌ముఖ్ ఓట్లలో అధిక భాగం సంజీవరెడ్డిగారికే వెళ్లింది. అయినా గిరిగారికి కావలసిన కొద్దిపాటి వచ్చి, చివరికి 4,20,077 – 4,05,427గా తేలింది. మీలాంటి విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మొదటి ఓటు మరొకరికి వేసినవారిలో కూడా కొందరి మనసులో రెండో స్థానం ఆయనకు ఉండబట్టే ఆ గీత దాటారు. మనకు ఓటు వేయనని చెప్పినవాడితో కూడా మర్యాదగా మాట్లాడాలని పెద్దలు ఎందుకంటారో ఈ లెక్కలో కనిపిస్తుంది.

ఒక మచ్చ కూడా చెప్పాలి. ఆ ఎన్నికలో సంజీవరెడ్డిగారి వ్యక్తిత్వం మీద బురదజల్లే కరపత్రం ఒకటి సభ్యులకు పంచారు. దానిపై వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది, రాష్ట్రపతిగా ఉండి గిరిగారు స్వయంగా కోర్టులో సాక్ష్యం చెప్పారు, పిటిషన్లను కోర్టు కొట్టివేసింది. ఎవరు పంచినా అది తప్పుడు పని. ఆ అవమానం పడిన సంజీవరెడ్డిగారు 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారని తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న: ఎన్నికలప్పుడు మా ఊళ్లో ఒక అభ్యర్థి తరఫున ఇంటింటికీ తిరుగుతాను. కరపత్రం ఇస్తే తీసుకుంటారు, ‘చూద్దాంలే’ అంటారు. ఆ ‘చూద్దాంలే’ అన్న ఇంట్లో ఏమి మాట్లాడాలి?
– ఒక యువకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మన సరిహద్దు ఊళ్లలో ఇళ్లలో మాట తెలుగు, కరపత్రం ఒడియా. చదువుకున్న పిల్లలు చదువుతారు, పెద్దవాళ్లు మడిచి పక్కన పెడతారు. కొన్నేళ్ల కిందట బరంపురంలో పట్టు నేసేవారి వీధిలో నేను చూసిన ఒక దృశ్యం చెబుతాను. ప్రచారానికి వచ్చిన కుర్రాళ్లు నలుగురు ఒక పెద్దావిడకు కరపత్రం ఇచ్చి ముందుకు సాగిపోయారు. వెనకబడిన ఐదోవాడు మాత్రం గుమ్మం మెట్టు మీద కూర్చొని, ‘కుళాయి ఎన్నింటికి వస్తంది పెద్దమ్మా?’ అని తెలుగులో అడిగాడు. ‘అది ఎప్పుడొస్తాదో మాకే తెలీదు బాబూ’ అని మొదలుపెట్టి, మగ్గం ఆపి నీళ్లకు వెళ్తే ఆ పూట ఎన్ని మూరల నేత పోతుందో, కోడలు ఉదయాన్నే ఎన్నిసార్లు లేచి కుళాయి తిప్పి చూస్తుందో, ఆమె పావుగంట చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా తన అభ్యర్థి పేరు ఎత్తలేదు, జేబులోంచి చీటీ తీసి ఏదో రాసుకున్నాడు.

మూడు రోజులకు అభ్యర్థి ఆ వీధికి వచ్చినప్పుడు ఆ ఇంటి ముందు ఆగి, ‘నీళ్ల సంగతి చెప్పారట’ అన్నాడు. ఆవిడ ఓటు ఎవరికి వేసిందో నాకు తెలియదు, అడగడం మర్యాద కాదు. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్లి మరొక కుర్చీ తెచ్చింది.

మీరు కూడా చిన్న నోటుబుక్కు ఒకటి పట్టుకెళ్లండి. ‘చూద్దాంలే’ అన్న ఇంట్లో కరపత్రం చివర ఇవ్వండి, ముందు కూర్చోండి. ఏ సంగతి మీద ఆగారో అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ అభ్యర్థి చేయలేనిదాన్ని చేస్తామని మాత్రం చెప్పకండి. సాయంత్రం ఆ పేజీలు అభ్యర్థికి చదివి వినిపించి, ఏ ఇంటికి ఆయన స్వయంగా వెళ్లాలో గుర్తు పెట్టించండి. ఆయన వెళ్లి సమాధానం చెప్పే దాకా ఆ ఇంట్లో మళ్లీ ఓటు అడగవద్దు.